పచ్చ

కళ్ళజోడాయన గ్లాసెత్తి
కిటికీ వెలుగుకి అడ్డం పట్టి
ఆకుపచ్చ కోసం వెతుకుతున్నాడు.
లిస్బన్ నుంచి వచ్చాడు, పాపం.

పచ్చ వైన్ అంటే రంగు కాదండీ,
పచ్చి అని.
నొక్కితే పాలు కారే గింజ పచ్చి,
మెత్తిన మట్టి ఆరని గోడ పచ్చి,
పచ్చి బాలింత అంటామే, ఆ పచ్చి.
దీనికి ఏళ్ళుండవు, నెలలే.
పోయిన సెప్టెంబరుది ఇది.
అంతకుముందుది కావాలంటే
వంటింట్లో వెనిగర్ సీసాలో ఉంది.

కూర్చోండి. ఆ బల్ల వద్దు, దాని కాలు కుంటి.
మెనూ కార్డు లేదు.
నేనున్నాను, జుల్మీరాని.

ఒట్టిగా తాగితే ఇది తగువుకొస్తుంది.
పళ్ళు జివ్వుమంటాయి,
చెవి వెనక ఎక్కడో నరం లాగుతుంది.
నిమ్మతొక్క, గట్టి ఆపిల్,
వానలో తడిసిన నల్లరాయి నాకినట్టు ఒక ఉప్పదనం,
నాలుక కొసన చీమలు పాకినట్టు బుడగలు.
తీపి పెట్టారో, మొహం మాడ్చుకుంటుంది.
దీనికి కావలసింది
కొవ్వు, ఉప్పు, కాస్త మసి.

మార్చిలో అయితే ఆల్చిప్పలు వండేదాన్ని.
వెల్లుల్లి, ఆలివ్ నూనె, దించేముందు కొత్తిమీర.
మూత కింద అవి నోళ్ళు తెరిచేదాకా
నేను నోరు మూసుకుని నిలబడేదాన్ని.
ఇప్పుడు జూన్.
సార్డీన్‌కి కొవ్వు పట్టే నెల.
పొద్దున వియానా రేవులో పెట్టెలు దించుతుంటే
చేపల వీపుల మీద ఇంకా రాత్రి ఉంది.

రాళ్ళుప్పు చల్లి, పొలుసు తియ్యకుండా
బొగ్గుల మీద పరిచాను.
కొవ్వు కారి నిప్పుల్లో చుయ్యిమంది.
వీధిలో మూడు కుక్కలు లేచి నిలబడ్డాయి,
చర్చి మెట్ల మీద ఫాదర్‌గారు జేబు తడుముకున్నారు.
మీకు కంచం ఇవ్వను.
మొక్కజొన్న రొట్టె ముక్కే కంచం.
చేపలన్నీ అయ్యాక అది తినండి,
వాటి కథంతా తాగేసి ఉంటుంది.

ఆ మూల, ఎడమకాలు చాచి కూర్చున్నాడే,
మా బావగారు, కుస్తోడియు.
ఈ వైన్ ఆయనది.
లీమా నది ఒడ్డున ఆయన తీగలు
పందిరికి ఒప్పుకోక చెట్లెక్కుతాయి.
ఇరవై ఎనిమిది మెట్ల నిచ్చెన,
నడుముకి బుట్ట, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి.
పోయిన సెప్టెంబరులో
నిచ్చెన నిలబడే ఉంది,
ఆయన కింద ఉన్నాడు.

వాన ముంచుకొస్తోందన్నారు.
గౌను పైకి దోపి నేనే ఎక్కాను.
భయానికి వారం ముందే కోసేశాను,
అందుకే పులుపు ఒక పిసరెక్కువ.
చిటారున ఒక గుత్తి అందలేదు.
వదిలేసి దిగాను.
ఎవరికీ చెప్పలేదు.

చలికాలమంతా ఆయన దీన్ని ముట్టలేదు.
"నా చెయ్యి పడనిది నాదెట్లా అవుతుంది?"
ఇందాక ముట్టాడు.
ఒక్క గుక్క, ఒక కన్ను మూసి:
"పులుపు."
నేను మాటకి మాట ఇవ్వలేదు, చేప పెట్టాను.
వెన్నుముల్లు దువ్వెనలా లాగి పక్కన పడేసి తిన్నాడు.
మళ్ళీ గుక్క.
కొవ్వులోకి పులుపు కొడవలిలా దిగిన చప్పుడు
పొయ్యి దగ్గరున్న నాకు వినిపించింది.

"చిటారు గుత్తో?" అన్నాడు.
దొరికిపోయాను.
"అందలేదు."
"నలభై ఏళ్ళుగా నేనూ కొయ్యను.
నల్లపిట్టలది అది."
అని గ్లాసు నా వైపు జరిపాడు,
నింపమని.

మీరేమిటండీ,
ఇంకా వెలుగులో పెట్టి చూస్తున్నారు?
చేప చల్లారిపోతోంది.
చేత్తో తినండి.
ముళ్ళు కింద వెయ్యకండి,
పిల్లికి లెక్క తెలుసు.